ముందు ఆ తుప్పు డ్రమ్ము మార్చండి

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో వరిగడ్డితో చేతికాగితం చేయడం గురించి నాలుగు ముక్కలు రాసి, చివర్లో "తెల్లబరచడానికి క్లోరిన్ జోలికి పోకండి, పెరాక్సైడ్ వాడండి" అని ఒక్క వాక్యంతో వదిలేశాను. తప్పు నాదే. ఆ ఒక్క వాక్యం పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈసారి పేజీ మొత్తం దానికే.

ప్రశ్న: మేము పదిమంది ఆడవాళ్ళం, మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కింద మా ఊరు. గడ్డి కొంత ఇక్కడిది, కొంత దేవరకొండ వైపు చెల్కల నుంచి బేళ్ళుగా తెస్తాం. మొదట బ్లీచింగ్ పౌడర్ వేస్తే కాగితం తెల్లగానే వచ్చింది, కానీ ఆరు నెలలకే మడత పెడితే విరిగిపోతోంది. మీరు రాశారని పెరాక్సైడ్ క్యాను తెచ్చి, పాత ఇనుప డ్రమ్ములో గుజ్జు, బోరు నీళ్ళు పోసి కలిపితే బుస్సుమని పొంగింది, నురగంతా కింద పారింది, గుజ్జు మాత్రం ఎట్లున్నది అట్లనే ఉన్నది. డబ్బులు దండగ. ఏం తప్పు చేశాం?

జవాబు: చెల్లె, అసలు సంగతి మీరే రాసేశారు, పాత ఇనుప డ్రమ్ము అని. పెరాక్సైడ్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, బ్రహ్మపదార్థమేమీ కాదు, నీటికి ఇంకో ఆక్సిజన్ తగిలించినట్టు ఉంటుంది, ఆ తగిలింపు గట్టిది కాదు, ఎప్పుడు ఊడిపోదామా అని చూస్తుంటుంది. గుజ్జులో రంగున్న చోటికి పోయి ఊడితే మనకు తెలుపు. దారిలో ఇనుమో, మాంగనీసో, రాగో తగిలిందంటే అక్కడే విడిపోయి సగం నీళ్ళల్లో, సగం గాలిలో కలుస్తుంది. మీరు కొన్న తెలుపంతా ఆ నురగలోనే పోయింది. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే కాంపౌండర్ ఒక మందు పోసేవాడు, బుస్సుమని తెల్లగా పొంగేది, అదే ఇది. అక్కడ పొంగించేది నెత్తురులోని ఎంజైమ్, మీ దగ్గర పొంగించింది తుప్పు.

తుప్పు ఒక్కటే అనుకోకండి. చెల్క మట్టి ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. కొడవలి కోతలు ఇప్పుడెక్కడున్నాయి, హార్వెస్టర్ మడిలో తిరిగి గడ్డిని మట్టితో కలిపి తొక్కుతుంది, బేలర్ వచ్చి దాన్ని అట్లాగే చుట్టేస్తుంది, ఆ చుట్ట విప్పి దులిపితే ఎంత దుమ్ము లేస్తుందో మీకు తెలియనిది కాదు. ఆ దుమ్ములో ఉన్న ఇనుము, బోరు నీళ్ళలో ఉంటే ఆ ఇనుము, డ్రమ్ము ఇనుము, అన్నీ కలిసి పెరాక్సైడ్ మీద పడ్డాయన్నమాట. ఇంకోటి కూడా అడగాలి, కడిగిన గుజ్జును రెండు రోజులు తడిగా మూటగట్టి ఉంచారా? ఉంచితే అందులో సూక్ష్మజీవులు పెరిగి, నెత్తురులో ఉన్నలాంటి ఎంజైమ్‌నే తయారుచేస్తాయి. ఉడికించిన రోజో మర్నాడో బ్లీచ్ చేసేయండి.

ఇక చేసే పద్ధతి. వానకు తడిసి నల్లమచ్చలు పడ్డ గడ్డి పక్కన పడేయండి, దాన్ని ఏ మందూ తెల్లబరచదు. మంచి గడ్డిని అంగుళం ముక్కలుగా నరికి, బాగా దులిపి, రాత్రంతా నానబెట్టి, ఆ మట్టినీళ్ళు తీసేసి అప్పుడు ఉడికించండి. 100 కిలోల ఎండుగడ్డికి 10 కిలోల దాకా కాస్టిక్ సోడా, మరిగే నీళ్ళలో ఒక మూడు గంటలు. కాస్టిక్‌ను నీళ్ళలో కొద్దికొద్దిగా వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు, చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె అసలే వద్దు. నేను మొదట్లో తెలివితక్కువగా ఇంట్లో పాత అల్యూమినియం గంజులో ఉడికించాను, గడ్డి కంటే ముందు గంజు కరగడం మొదలైంది, ఇంట్లో ఆ కథ ఇప్పటికీ నడుస్తోంది.

గడ్డికి ఒక సుగుణం ఉంది. కట్టెలో లిగ్నిన్ దాదాపు పావు వంతు ఉంటే గడ్డిలో 12 నుంచి 15 శాతమే. నారను నారతో పట్టి ఉంచే జిగురు అది, ఉడికిన గుజ్జులో కనిపించే గోధుమ రంగంతా దాని పుణ్యమే. ఉడుకులో అది ఎంత కరిగితే, కడుగులో ఎంత బయటికి పోతే, బ్లీచింగ్‌కు అంత తక్కువ పని మిగులుతుంది. కడిగిన నీళ్ళు మొదట డికాషన్‌లా వస్తాయి, తర్వాత పల్చటి టీలా వస్తాయి, చాలామంది ఇక్కడే విసుగొచ్చి ఆపేస్తారు. దోసిట్లో పట్టుకుంటే చేతి గీతలు కనపడేంత తేటగా వచ్చేదాకా కడగాలి. పాత చీర గుడ్డలో కట్టి ఇద్దరు చెరో కొస పట్టుకుని పిండడం, మళ్ళీ నీళ్ళు పోయడం, మళ్ళీ పిండడం. నడుం నొప్పి ఖాయం, కానీ పెరాక్సైడ్ ఖర్చులో ఎక్కువ భాగం ఇక్కడే మిగులుతుంది.

ఇప్పుడు లెక్కంతా 10 కిలోల ఎండు గుజ్జుకు చెప్తాను. మొదట లోహాలు తీసేయాలి. 30 గ్రాముల ఈడీటీఏ (లోహాలను పట్టి లాగేసే మందు) పొడి, పీహెచ్ కాగితం 5, 6 మధ్య చూపేంత నిమ్మ ఉప్పు, చేయి పెట్టలేనంత వేడి నీళ్ళలో ఒక అరగంట, తర్వాత పిండి కడిగేయడం. ఈడీటీఏ పని చేస్తుంది కదా అని గుప్పెట్లతో వేయకండి, అది నీళ్ళలో, మట్టిలో అంత తొందరగా కుళ్ళిపోయే పదార్థం కాదు. అది దొరక్కపోతే నిమ్మ ఉప్పు నీళ్ళతో కడిగినా ఎంతో కొంత ఇనుము పోతుంది.

తర్వాత అసలు పని. గుజ్జును బాగా పిండి, మొత్తం తూకం 100 కిలోలకు వచ్చేట్టు నీళ్ళు సరిచూసుకోండి, ముద్దలా ఉండాలి, జారుగా ఉంటే పెరాక్సైడ్ నీళ్ళలో ఈదుతుందే తప్ప నారను పట్టుకోదు. సోడియం సిలికేట్ 300 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు, కాస్టిక్ 150 గ్రాములు నీళ్ళలో కలిపి గుజ్జుకు పట్టించి, అన్నిటికంటే చివర 50 శాతం పెరాక్సైడ్ 600 గ్రాములు. (సిలికేట్ పెరాక్సైడ్‌ను తొందరపడి విడిపోకుండా ఆపుతుంది. తమాషా ఏమిటంటే గడ్డిలో ఉన్న సిలికా కాస్టిక్‌లో కరిగితే అయ్యేది కూడా ఇదే, ఉడకబెట్టి పారబోసిందాన్నే మళ్ళీ డబ్బులిచ్చి కొంటున్నాం.) 70 డిగ్రీల వేడి, రెండు గంటలు. ఇంత వేడి అన్ని గంటలు నిలపడం ఎలా అంటారా, ల్యాబుల్లో చేసే ఉపాయమే చెప్తాను: మందపాటి పాలిథిన్ సంచుల్లో కొంచెం కొంచెంగా గుజ్జు నింపి, మూతి ముడేయకుండా మడిచి, వేడినీళ్ళ తొట్టిలో నిలబెట్టాలి, పావుగంటకోసారి పైనుంచే పిసకాలి. మీ ఇనుప డ్రమ్ము ఇప్పుడు పనికొస్తుంది, వేడినీళ్ళకు. గుజ్జు దానికి తగలదు కదా.

రెండు గంటలయ్యాక కూడా కొంచెం పెరాక్సైడ్ మిగిలి ఉండాలి. అంతా అయిపోయి కాస్టిక్ ఒక్కటే మిగిలితే గుజ్జు మళ్ళీ పసుపెక్కుతుంది. పెరాక్సైడ్ ఉందో లేదో చూపే కాగితపు పట్టీలు ల్యాబ్ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. చివర్లో కడిగి, ఆఖరి నీళ్ళలో చిటికెడు నిమ్మ ఉప్పు వేయండి. నిమ్మ ఉప్పు వేయకముందు కడిగిన నీళ్ళు పారబోయకండి, ఇంకా సోడా గుణం ఉంటుంది కాబట్టి తర్వాతి వాయి ఉడికిన గుజ్జుకు మొదటి కడుగుకు సరిపోతాయి. చేతికి గ్లౌజులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి, 50 శాతం పెరాక్సైడ్ ఒక చుక్క పడితే చర్మం తెల్లబడి మండుతుంది. క్యాను గడ్డివాము పక్కన పెట్టకండి, అది గడ్డి మీద ఒలికితే నిప్పు అంటుకోగలదు.

రంగు మీగడలా వస్తుంది, జిరాక్స్ పేపర్‌లా రాదు. ముందే చెప్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోకండి.

బ్లీచింగ్ పౌడర్ సంగతి. నల్లగొండ వాళ్ళకు దాని గురించి నేను చెప్పాలా, ఫ్లోరైడ్ నీళ్ళను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో బాగుచేసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. కానీ అక్కడ దాని పని క్రిములను చంపడం. గుజ్జులో వేస్తే లిగ్నిన్‌తో పాటు నారను కూడా కొరుకుతుంది, ముఖ్యంగా సోడా గుణం తగ్గి పీహెచ్ 7 దగ్గరికి వచ్చినప్పుడు. అందుకే మీ కాగితం విరుగుతోంది. పైగా లిగ్నిన్‌కు క్లోరిన్ తగులుకుని నీళ్ళలోకి వెళ్ళే పదార్థాలు ఏళ్ళ తరబడి పోవు. ఆ పౌడర్ ఉన్న గుజ్జులో నిమ్మ ఉప్పు గానీ ఏ యాసిడ్ గానీ వేయకండి, క్లోరిన్ గ్యాస్ లేస్తుంది, ఊపిరాడదు.

ప్రశ్న: ఊకతో కాగితం చేయొచ్చా? మా మిల్లులో గుట్టలున్నాయి.

జవాబు: వద్దు. అందులో నార తక్కువ, సిలికా ఎక్కువ, కాలిస్తే ఐదో వంతు బూడిదే మిగులుతుంది. బాయిలర్‌కు అమ్ముకోండి.

ప్రశ్న: నేను నాగర్‌కర్నూల్ వైపు హైస్కూల్లో సైన్స్ చెప్తాను. మీ వ్యాసం చదివాక ఒక పిల్ల లేచి "మరి మన నోటుబుక్కులు తెల్లగా ఉన్నాయి కదా, విషమా సార్" అని అడిగింది. ఏం చెప్పాలి?

జవాబు: నోటుబుక్కు ముట్టుకుంటే ఏమీ కాదని చెప్పండి సార్, గొడవంతా కాగితంలో కాదు, అది తయారైన చోట బయటికొచ్చిన నీళ్ళలో. క్లోరిన్ వాయువును షీలే 1774లో కనిపెట్టాడు, 1799లో బ్లీచింగ్ పౌడర్‌కు పేటెంటు వచ్చింది, అక్కడి నుంచి దాదాపు రెండు వందల ఏళ్ళు కాగితం, బట్ట అన్నీ దానితోనే తెల్లబడ్డాయి, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1980ల్లో అమెరికాలో పల్ప్ మిల్లుల దిగువన చేపల్లో డయాక్సిన్లు అనే క్లోరిన్ విషాలు కనిపించాక గుండె ఝల్లుమంది. వాటిలో అన్నిటికంటే విషమైనదాన్ని 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది.

తర్వాత మిల్లులు రెండు దారులు పట్టాయి. ఒకటి, క్లోరిన్ వాయువు మానేసి క్లోరిన్ డయాక్సైడ్ వాడటం. పేరులో క్లోరిన్ ఉన్నా దీని పని ఎక్కువగా ఆక్సిజన్ పనే, విషపు పదార్థాలు చాలా తగ్గుతాయి. మన దగ్గర భద్రాచలం ఐటీసీ మిల్లు 2002లో ఈ దారికి వచ్చింది, దేశంలో అదే మొదటిది. రెండోది క్లోరిన్ పేరే లేకుండా ఆక్సిజన్, ఓజోన్, పెరాక్సైడ్‌లతో నడిపించడం. 2003లో కేంద్రం పెద్ద మిల్లులకు ఒక హద్దు కూడా పెట్టింది, టన్ను కాగితానికి క్లోరిన్ అంటిన సేంద్రియ పదార్థాలు రెండేళ్ళలో కిలోన్నరకు, ఐదేళ్ళలో కిలోకు తగ్గాలని. క్లోరిన్ డయాక్సైడ్ మన చెల్లెలి లాంటి వాళ్ళకు పనికిరాదు, పేలే గుణం ఉన్న వాయువు, క్యాన్లలో అమ్మరు, మిల్లులోనే తయారుచేసుకోవాలి.

మీ పిల్లలకు ఒక ప్రయోగం: మెడికల్ షాపులో దొరికే పెరాక్సైడ్ రెండు గాజు గ్లాసుల్లో కొంచెం కొంచెం పోసి, ఒకదాంట్లో పచ్చి ఆలుగడ్డ ముక్క వేయండి. నురగ చూశాక ఆ రెండు గ్లాసుల్లోనూ ఒక్కో గోధుమరంగు గడ్డి గుజ్జు ముద్ద, చిటికెడు బట్టల సోడా (కాస్టిక్ కాదు) వేసి ఎండలో పెట్టి, మర్నాడు ఏది తెల్లబడిందో ఆ పిల్లనే చెప్పమనండి.

ప్రశ్న: జడ్చర్ల దగ్గర పుట్టగొడుగులు పెంచుతున్నా. పంట తీసేశాక గడ్డి సంచులు మెత్తగా, తెల్లగా ఉంటాయి. దీన్నే కాగితానికి వాడితే మందులే అక్కర్లేదు కదా?

జవాబు: తమ్మీ, ఆలోచన మంచిగుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగు లిగ్నిన్‌ను తినే రకమే, అందుకే ఆ మెత్తదనం. కానీ అది లిగ్నిన్ ఒక్కటే తిని చేయి కడుక్కోదు, నారను కూడా తింటుంది, ఎక్కువ రోజులు ఉంచితే గుజ్జు తక్కువొస్తుంది, కాగితం బలం తగ్గుతుంది. తెల్లగా కనపడేది కూడా బూజు దారాలే, గడ్డి కాదు. మొదటి కోత తర్వాతి సంచులు ఒక పది తీసి విడిగా ఉడికించి చూడు, కాస్టిక్ కొంత తక్కువతోనే ఉడకాలి. పెరాక్సైడ్ వేసే ముందు మాత్రం బాగా ఉడికించడం తప్పదు, బూజులోనూ ఆ పొంగించే ఎంజైమ్ ఉంటుంది.

ఇదే పనిని పెద్ద మిల్లులు ఇంకో రకంగా చేస్తాయి, బూజు నుంచి తీసిన జైలనేజ్ అనే ఎంజైమ్ గుజ్జుకు పట్టిస్తాయి. దానితో బ్లీచింగ్ తేలికవుతుందని ఫిన్లాండ్ వాళ్ళు 1986లో చూపించారు. అది లిగ్నిన్‌ను ముట్టదు, నార మీద పొరలా ఉన్న జైలాన్‌ను కొరికి దారి చేస్తుంది. గడ్డిలో జైలాన్ బాగానే ఉంటుంది కాబట్టి ఇది మనకు అచ్చొచ్చే మందే.

ప్రశ్న: మాకు సూర్యాపేట దగ్గర రైస్ మిల్లు ఉంది. రోజుకు 5 టన్నుల గడ్డి పల్ప్ యూనిట్ పెట్టి, పెరాక్సైడ్ బ్లీచింగ్‌తో ఎకో ఫ్రెండ్లీ అని అమ్మాలని మా అబ్బాయి ఆలోచన. మీ సలహా?

జవాబు: అన్నా, కొంచెం ఘాటుగానే చెప్తాను, ఏమనుకోకండి. గడ్డిలో గుజ్జుగా వచ్చేది 45 శాతం అనుకుందాం. 5 టన్నుల గుజ్జుకు 11 టన్నుల గడ్డి కావాలి. మిగతా 6 టన్నులు ఎక్కడికి పోతాయి? ఉడికిన నల్లనీళ్ళలోకి, దానితో పాటు రోజుకు టన్నుకు పైగా కాస్టిక్. బ్లీచింగ్ ఎంత శుభ్రంగా చేసినా ఈ నల్లద్రవం చెరువులోకి వదిలితే చేపలు తేలతాయి, దాని మీద ఎకో ఫ్రెండ్లీ అని ముద్ర వేస్తే అది అబద్ధం. పెద్ద మిల్లులు దీన్ని చిక్కబరచి బాయిలర్‌లో కాల్చి కాస్టిక్‌ను వెనక్కి తెచ్చుకుంటాయి. వరిగడ్డితో అదే కష్టం, సిలికా వల్ల ద్రవం జిడ్డుగా చిక్కబడుతుంది, గొట్టాల లోపల పెచ్చులు కడుతుంది. తమిళనాడులో చెరకు పిప్పితో 1984 నుంచి పెద్ద మిల్లు నడుస్తోంది అంటారేమో, పిప్పిలో సిలికా వరిగడ్డిలో ఉన్నంత ఉండదు, పైగా చక్కెర ఫ్యాక్టరీ దగ్గర ఒకేచోట దొరుకుతుంది. మీకు గడ్డి నెలరోజుల్లో వంద ఊళ్ళ నుంచి రావాలి, ఏడాదంతా తడవకుండా ఉండాలి.

నిజంగా పట్టుదల ఉంటే కాస్టిక్ సోడా బదులు కాస్టిక్ పొటాష్ గురించి చదవమనండి. బరువులో 1.4 రెట్లు పడుతుంది, ధర కూడా ఎక్కువే, కానీ నల్లద్రవంలో మిగిలేది సోడియం కాదు, పొటాషియం. సోడియం పొలాన్ని చవుడు చేస్తుంది, పొటాష్‌ను మనం ఎరువుల షాపులో కొంటాం. యాసిడ్‌తో సరిచేసి కంపోస్టులో కలిపే దారి ఉంది. ఏదైనా సరే, పల్ప్ కేంద్ర కాలుష్య బోర్డు ఎక్కువ కాలుష్యం అని గుర్తించిన 17 పరిశ్రమల్లో ఒకటి, షెడ్డు వేయకముందే ఒకసారి, నడిపే ముందు ఇంకోసారి రాష్ట్ర బోర్డు అనుమతి కావాలి. అబ్బాయికి ఇంకో కథ కూడా చెప్పండి. 1800లో లండన్‌లో మథియాస్ కూప్స్ అనే ఆయన గడ్డి కాగితం మీద పుస్తకమే అచ్చేసి చూపించాడు, పెద్ద మిల్లు కట్టాడు, కొన్నేళ్ళకే దివాళా తీశాడు. కాగితం బాగానే వచ్చింది.

ప్రశ్న: పత్తికట్టె కాల్చేస్తున్నాం. దాంతో తెల్లకాగితం అవుతుందా?

జవాబు: అవుతుంది, కానీ అది గడ్డి కాదు, సన్నటి చెట్టు అనుకోండి. లిగ్నిన్ కట్టెలో ఉన్నంత ఉంటుంది, బెరడు నల్లటి చుక్కలు వదులుతుంది, మరిగే నీళ్ళతో లొంగదు, ప్రెషర్ కావాలి. చేతికాగితం వాళ్ళకు పత్తి నుంచి పనికొచ్చేది వేరే ఉంది, పోచంపల్లి, పుట్టపాక వైపు మగ్గాల దగ్గర మిగిలే రంగు వేయని నూలు దారం. గడ్డి నార ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది, అందుకే ఒంటరిగా బలం చాలదు. మూడో వంతు నూలు గుజ్జు కలిపితే కాగితం చింపడానికి మొరాయిస్తుంది, తెలుపు కూడా మందు లేకుండానే పెరుగుతుంది.

ప్రశ్న: నల్లగొండలో ప్రింటింగ్ ప్రెస్ నాది. గడ్డి కాగితంతో పెళ్ళికార్డులు వేద్దామంటే కస్టమర్లు "పచ్చగా ఉంది, పాత కాగితంలా" అంటున్నారు. తెల్లగా చేయించే ఉపాయం ఉందా?

జవాబు: ఉంది, అందులో మోసం కూడా లేదు. తెల్ల పంచెకు నీలిమందు పెడతాం కదా, అట్లాగే కాగితం తీసే తొట్టిలో చిటికెడు నీలిరంగు వేస్తే పసుపుదనం కంటికి తగ్గుతుంది, మిల్లులు కూడా చేసేదే. మీ దగ్గరున్న తెల్ల కార్డు ఒకటి తీసి, నకిలీ నోట్లు చూసే లైటు కింద పెట్టండి, నీలంగా మెరిసిపోతుంది, అసలు నోటు మెరవదు. ఆ మెరుపు కాగితంలో కలిపిన మెరుగు రసాయనానిది, మీ కస్టమర్లు తెలుపు అనుకుంటున్నది సగం అదే. గంజి పూత వేయించండి, లేకపోతే కాగితం ఇంకు మరీ పీల్చేస్తుంది. అయినా కార్డు చేతికి రాగానే నాలుగు మూలలా పసుపు రాసేవాళ్ళే కదా, కాగితం పచ్చగా ఉందని వాళ్ళకు ఎందుకింత టెన్షన్?